మెడ మెలితిరిగింది, చెయ్యి ఎగిరెగిరి పడుతోంది: క్యాజువాలిటీలో ముందు ఏం చూడాలి?

సమస్య: మెడ ఒక పక్కకి లాగేసి, గుడ్లు పైకి నిలబడిపోయి, నాలుక బయటికి వచ్చేసి ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఫిట్స్ అంటారు, గాలి సోకిందంటారు, డ్యూటీలో ఎవరో ఒకరు నాటకం అని కూడా అనేస్తారు. పేరు పెట్టి పిలవండి. స్పృహ పూర్తిగా ఉండి, అడిగినదానికి సైగలతోనైనా జవాబు చెబుతుంటే ముందు అనుమానించాల్సింది మందునే.

కారణం: మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ లాంటి వాంతుల మందులు, హాలోపెరిడాల్ లాంటి మానసిక జబ్బు మందులు మెదడులో కదలికల్ని అదుపు చేసే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. మొదలుపెట్టిన కొన్ని గంటల నుంచి నాలుగైదు రోజుల్లోపు ఇలా అవుతుంది, కుర్రవాళ్లలో ఎక్కువ. "మందులేమైనా వాడుతున్నారా" అంటే లేదనే చెబుతారు, ఎందుకంటే నిన్న ఆర్‌ఎంపీ దగ్గర వాంతులకి వేయించుకున్న సూది వాళ్ల లెక్కలో మందు కాదు. వాంతులకి, కళ్లు తిరగడానికి, నిద్రకి ఏం తీసుకున్నారో విడివిడిగా అడిగి, ఖాళీ స్ట్రిప్ ఉంటే తెప్పించండి.

పరిష్కారం: పెద్దవాళ్లకి ప్రోమెథజైన్, అదే ఫెనర్గాన్, 25 నుంచి 50 మి.గ్రా. కండకి లోతుగా ఇస్తే మామూలుగా అరగంటలోపు మెడ వదులవుతుంది. రెండేళ్లలోపు పిల్లలకి ఇది వద్దు. తగ్గింది కదా అని వెంటనే పంపేయకండి, అసలు మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులు ఈ బిగుతు మళ్లీ రాకుండా ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు రాయాలి, ఏ మందు పడలేదో చీటీ మీద పెద్దక్షరాలతో రాసివ్వాలి. గొంతు బిగుసుకుని ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తుంటే మాత్రం ఆక్సిజన్ పెట్టి, వెంటనే మత్తు డాక్టర్‌ని పిలవండి.

ఒక పక్క చెయ్యి, కాలు విసిరేసినట్టు ఎగిరిపడుతుంటే, అందులోనూ పెద్ద వయసు షుగర్ మనిషైతే, స్కాన్‌కి పంపేముందే గ్లూకోమీటర్ తీయండి. షుగర్ బాగా పెరిగినా, పడిపోయినా ఇలా రావచ్చు. ఎక్కువగా ఉన్నవాళ్లకి సీటీలో అవతలి పక్క బేసల్ గాంగ్లియా, అంటే మెదడు లోపల కదలికల్ని అదుపు చేసే భాగం, తెల్లగా కనిపించి రక్తస్రావమేమోనని టెన్షన్ పెడుతుంది, ఇన్సులిన్‌తో షుగర్ దారికొస్తే కదలికలు మెల్లగా తగ్గుతాయి. షుగర్ మామూలుగా ఉంటే స్ట్రోక్ దారిలో వెళ్లాలి.

ఒళ్లంతా బిగుసుకుని, జ్వరం, మాట తడబాటు కూడా ఉంటే ఫెనర్గాన్ జోలికి పోకండి, చెమట తగ్గించి వేడి ఇంకా పెంచుతుంది. ఇది మానసిక జబ్బు మందుల వల్లే కావచ్చు కాబట్టి వాటిని ఆపి, ఒళ్లు చల్లబరిచి, సెలైన్ పెట్టి, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్త పరీక్ష) పంపి ఐసీయూకి మార్చండి.

ఇక సూది రెండోసారి ఇచ్చినా మెడ వదలకపోతే రక్తంలో కాల్షియం తగ్గిందేమో చూడండి, అరికాళ్లలో మానని గాయమేమైనా ఉందేమో వెతకండి, ధనుర్వాతం కూడా కావచ్చు, అది సాధారణంగా దవడ బిగుసుకోవడంతో మొదలవుతుంది.