ముందు కాగితం మీద చెయ్యండి
మార్కెటింగ్ రీసెర్చ్‌కి క్లస్టర్ ఎనాలిసిస్ (ఒకేలాంటి వాళ్లని గుంపులుగా చేర్చే పద్ధతి) చదివేవాళ్లు సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఓసారి చేత్తో చెయ్యండి. భీమవరం వైపు ఐదుగురు రొయ్యల రైతుల్ని ఊహించుకోండి: చెరువు ఎన్ని ఎకరాలు, మేతకి ఏటా ఎన్ని రూపాయలు, ఆ మేత మీద తృప్తి 1 నుంచి 5లో ఎంత. ఒక రైతుకీ ఇంకో రైతుకీ ఎంత తేడా ఉందో చెప్పే దూరాలు ఉన్నదున్నట్టు లెక్కగడితే లక్షల్లో ఉన్న రూపాయలే అంతా మింగేస్తాయి. ఎకరాలు, తృప్తి ఉన్నా లేనట్టే. అందుకని ప్రతి అంకెలోంచి ఆ కాలమ్ సగటు తీసేసి, దాని ప్రామాణిక విచలనంతో (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) భాగించి, మళ్లీ దూరాలు చూడండి. తేడా మీకే తెలుస్తుంది. నేను మొదటిసారి ఇది మర్చిపోయి, పెద్ద రైతులు, చిన్న రైతులు అని రెండు గుంపులు తేల్చి మురిసిపోయాను. ఆ మాత్రానికి సర్వే ఎందుకండీ! ఫాక్టర్ ఎనాలిసిస్‌లో (కలిసి మారే కొలతల్ని కొన్ని అంశాలుగా కుదించే పద్ధతి) కోరిలేషన్ మాట్రిక్స్, అంటే కొలతల మధ్య సంబంధాల పట్టిక, వాడితే మాత్రం ఈ బెడద లేదు; ఈ సవరణ అందులోనే జరిగిపోతుంది.