పాత పెంటియమ్ త్రీ కంప్యూటర్‌లో మదర్‌బోర్డు పోయిందా? చూడటం, మార్చడం ఎలా?

బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, మానిటర్ మీద మాత్రం ఏమీ రాదు. విండోస్ 98 ఆటల కోసం ముచ్చటపడి కట్టుకున్న పెంటియమ్ త్రీ బాక్సుల్లో ఇది మామూలే. చూడగానే "బోర్డు పోయింది" అనేస్తాం. నేనూ ఓసారి అలాగే అనుకుని ఇంకో బోర్డు కొన్నాను. తీరా చూస్తే పోయింది పవర్ సప్లై.

1. ముందు పవర్ సప్లై

20 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు నుంచి పీకి, పవర్ సప్లైకి కాస్త పని ఉండేలా పాత హార్డ్ డిస్క్ ఒకటి దానికి తగిలించండి. కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో పేపర్ క్లిప్పు పెట్టి కలిపి, అప్పుడు స్విచ్ వేయండి. మల్టీమీటర్‌లో ఎర్ర వైరు 4.75 నుంచి 5.25 వోల్టులు, పసుపు వైరు 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య చూపించాలి. తేడా ఉంటే పవర్ సప్లై మార్చేయండి. దాని డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసేసినా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

కొత్త పవర్ సప్లై కొంటే ఎన్ని వాట్లని కాదు, 5 వోల్టుల లైన్లో ఎన్ని ఆంపియర్లని చూడాలి. ఆ కాలం బోర్డులు చాలావరకు ప్రాసెసర్‌కు కావలసిన కరెంటు ఆ లైన్ నుంచే లాగుతాయి. ఇప్పటి పవర్ సప్లైలు బలమంతా 12 వోల్టుల మీదే పెడతాయి.

2. బోర్డును బయటికి తీయండి

తీసే ముందు వైర్లన్నీ కనబడేలా ఫోటో తీసుకోండి. బోర్డును అట్టముక్క మీద పెట్టి ప్రాసెసర్, హీట్‌సింక్, ఒక ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, బుల్లి స్పీకర్ మాత్రమే ఉంచండి. పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం తాకిస్తే చాలు, ఆన్ అవుతుంది. అట్ట మీద నడిచి కేసులో నడవకపోతే దోషం బోర్డుది కాదు. కింద ఎక్కడో అక్కర్లేని ఇత్తడి స్టడ్డు (బోర్డును కేసు నుంచి ఎత్తి పట్టే మర) తగిలి షార్ట్ అవుతోంది.

3. బీప్ వినండి

ర్యామ్ తీసేసి ఆన్ చేయండి. బీప్ కొట్టిందంటే ప్రాసెసర్, బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) బతికే ఉన్నాయి. అప్పుడు ర్యామ్ బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టి చూడండి. అవార్డ్ కంపెనీ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీపులు వస్తే గ్రాఫిక్స్ కార్డు సంగతి చూడాలి. బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చేయండి, ఖరీదు ఎంతని! అసలు చప్పుడే లేకపోతే ఇంకో ప్రాసెసర్ పెట్టి చూడండి. అప్పుడూ మూగగానే ఉంటే అనుమానం బోర్డు మీదికి వస్తుంది.

4. కెపాసిటర్లు

ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉండే చిన్న డబ్బాలివి. పైన గీతలున్న మూత చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అవి పోయినట్టే. 2000 తర్వాతి కొన్నేళ్లలో నాసిరకం కెపాసిటర్లతో వచ్చిన బోర్డులు లెక్కలేనన్ని. మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీలు తట్టుకునే లో ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉండే) రకం తీసుకోండి. కెపాసిటర్ ఒంటి పక్కన నిలువుగా ఉండే పట్టీ మైనస్ వైపు. బోర్డు మీద ముద్రించిన గుర్తును నమ్మొద్దు, కొన్నిటిలో తిరగేసి ఉంటుంది. పాతది ఎటు తిరిగి ఉందో ఫోటోలో చూసుకోండి. టంకం అలవాటు లేకపోతే టీవీ మెకానిక్‌కి ఇవ్వడమే నయం.

5. తప్పదనుకుంటే, కొత్త పాత బోర్డు

పెంటియమ్ త్రీలు రెండు రకాల అమరికల్లో వచ్చాయి, స్లాట్ 1 ప్రాసెసర్ సాకెట్ 370లో కూర్చోదు. 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డుకు 256 ఎంబీ ర్యామ్ కొంటే రెండువైపులా కలిపి 16 చిప్పులున్నది చూడండి. 8 చిప్పులదైతే సగమే కనబడుతుంది, లేదా అసలు నడవదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట వెతికితే, డిస్‌ప్లే చూపించాకే డబ్బులివ్వండి.

బిగించేటప్పుడు బోర్డు రంధ్రాలకు ఎదురుగా ఉన్న స్టడ్డులే ఉంచండి. ఐడీఈ కేబుల్ (హార్డ్ డిస్క్, సీడీ డ్రైవ్‌లకు వెళ్లే వెడల్పాటి పట్టీ) ఎర్ర అంచు ఒకటో పిన్ను వైపు రావాలి.

6. విండోస్ 98

బోర్డు మార్చే ముందే, పాతది ఏ కాస్త నడుస్తున్నా, ఫైళ్లు కాపీ చేసుకుని విండోస్ సీడీలోని విన్98 ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌లో వేసుకోండి. బోర్డు మార్చాక సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైన వాటితోనే విండోస్ తెరుచుకునే పద్ధతి) వెళ్లి, రెజ్‌ఎడిట్‌లో (విండోస్ సెట్టింగుల పట్టీని మార్చే ప్రోగ్రాం) హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద నేరుగా ఉండే ‘ఎనమ్’ కీని డిలీట్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ హార్డ్‌వేర్ అంతటినీ కొత్తగా గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. సీడీ అడిగినప్పుడల్లా ఆ ఫోల్డర్ చూపించండి, ఎందుకంటే ఆ సమయానికి సీడీ డ్రైవ్ దానికింకా కనబడకపోవచ్చు.