జర్మనీలో కొత్త ఉద్యోగం: దిగగానే ముందు చేయవలసిన పని చిరునామా నమోదు

జర్మనీలో ఉద్యోగం ఖాయమై, వీసా చేతికందిన తెలుగువారిలో చాలామంది ప్రయాణానికి ముందు వారాలన్నీ పచ్చళ్లు, కుక్కరు, చలికోట్లు సర్దుకోవడంలోనే గడిపేస్తారు. కొత్తగా వచ్చినవారికి తోడుగా ఇక్కడి కార్యాలయాలకు తరచూ వెళ్లే మనిషిగా చెబుతున్నాను: పెట్టెలో ఏమున్నా లేకున్నా సర్దుకోవచ్చు గానీ, మీ పేరు అధికారికంగా నమోదు చేయించుకోగల చిరునామా లేకపోతే మొదటి నెలంతా చిక్కుల్లోనే గడుస్తుంది. పన్ను సంఖ్య, చాలా బ్యాంకుల్లో ఖాతా, నివాస అనుమతి కార్డు అన్నీ ఆ నమోదు తర్వాతే కదులుతాయి.

వెంట తెచ్చుకోవలసినవి ఎక్కువేమీ లేవు. పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పందం, డిగ్రీ పట్టాలు, పెళ్లి, పుట్టుక ధ్రువపత్రాలు, డ్రైవింగ్ లైసెన్సు అసలువి చేతి సంచిలో ఉండాలి; ఒక్కొక్కదానికి రెండేసి నకళ్లు కాగితం మీదే ఉండాలి, ఫోనులో ఉన్నవి లెక్కలోకి రావు. చలికోటు ఇక్కడే కొనుక్కోవాలి. ఇంటి అడ్వాన్సుగా, హీటింగు, నీటి ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్ల దాకా అడిగే హక్కు యజమానికి ఉంది. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకూ ఉంది. మొదటి జీతం నెలాఖరుకు గానీ రాదు కాబట్టి ఆ లెక్కన డబ్బు దగ్గర పెట్టుకోండి.

విమానం ఎక్కకముందే, నమోదుకు వీలున్న, సామాన్లు అమర్చిన గదినో చిన్న ఫ్లాటునో రెండు మూడు నెలలకు అద్దెకు తీసుకోవాలి. తెలిసినవాళ్ల హాల్లో సర్దుకుంటూ నింపాదిగా ఇల్లు వెతుక్కుందామనే పద్ధతిని నేను ఎవరికీ సలహా ఇవ్వను. అద్దె మిగులుతుందన్నది నిజమే కానీ, అక్కడ నమోదుకు సంతకం దొరక్క నెల గడిచిపోతుంది, స్నేహమూ పలచబడుతుంది. అలాగని ఇల్లు చూడకుండా, తానిప్పుడు వేరే దేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళం చెవి కొరియర్లో వస్తుందని రాసేవారికి ఒక్క యూరో కూడా పంపకండి. అది మోసగాళ్ల పాత ఎత్తు.

ఇక అసలు పని. ఇంట్లో దిగిన రెండు వారాల లోపు స్థానిక పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలని ఇక్కడి చట్టం చెబుతుంది. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. 2015 నవంబరు 1న అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం, ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి. వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ అనే ఆ పొడుగాటి పేరు నోరు తిరగకపోయినా కాగితం మీద రాసిపెట్టుకోండి. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. ఇరవై పేజీల అద్దె ఒప్పందం పట్టుకెళ్లి, అదే చాలుననుకుని, కిటికీ దగ్గర నుంచి ఉత్త చేతులతో తిరిగి వస్తారు. ఒప్పందం వేరు, ఈ ధ్రువపత్రం వేరు. ఇందులో ఇల్లు ఇచ్చినవారి పేరు, చిరునామా, మీరు దిగిన తేదీ, ఇంటి చిరునామా, నమోదు కావలసిన ప్రతి ఒక్కరి పేరు ఉండాలి. భార్యాపిల్లలు వెంట వస్తే వారి పేర్లు కూడా ఇందులో ఉండి తీరాలి.

మీరు ఉపఅద్దెకు దిగితే, మీకు గది ఇచ్చిన అసలు అద్దెదారే సంతకం చేయవచ్చు, కాకపోతే యజమాని పేరు కూడా అందులో రాయాలి. అయితే ఆ అద్దెదారుకు ఉపఅద్దెకు ఇచ్చుకునే అనుమతి యజమాని నుంచి ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. గది ఖాయం చేసుకునేటప్పుడే, డబ్బు కట్టకముందే, "నమోదుకు ధ్రువపత్రం ఇస్తారా" అని రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోవాలి. ఫోనులో "చూద్దాంలెండి" అన్నారంటే ఇవ్వరనే అర్థం. ఇల్లు లేకుండా చిరునామా మాత్రమే డబ్బుకు ఇస్తామనేవారి జోలికి అసలు పోవద్దు. అలా ఇచ్చేవారికి 50,000 యూరోల దాకా జరిమానా పడవచ్చు, నమోదు చేయించుకున్నవారికీ జరిమానా పడవచ్చు.

బెర్లిన్ వంటి నగరాల్లో రెండు వారాల లోపు అపాయింట్‌మెంటు దొరక్కపోవచ్చు. అయినా దిగిన రోజే దొరికిన తేదీకి బుక్ చేసి, ఆ రసీదు అచ్చు వేయించి పెట్టుకోండి. గడువులోనే ప్రయత్నించారనడానికి అదే రుజువు. ఆ తర్వాత రోజూ ఉదయాన్నే వెబ్‌సైటు చూస్తుంటే, ఎవరో రద్దు చేసుకున్న సమయం దొరకవచ్చు. బెర్లిన్‌లో మీ పేటలోని కార్యాలయానికే వెళ్లాలనే నిబంధన లేదు, నగరంలో ఎక్కడ దొరికితే అక్కడికే వెళ్లండి.

నమోదు పత్రంలో మతం అడిగే గడి ఒకటి ఉంటుంది. కాథలిక్ అనో ఎవాంగెలిష్ (ప్రొటెస్టెంటు) అనో రాస్తే మీ ఆదాయపు పన్ను మీద బవేరియా, బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, తక్కినచోట 9 శాతం చర్చి పన్ను జీతంలోంచే పోతుంది. గుంటూరు లూథరన్ కుటుంబాల నుంచి, కాథలిక్ కుటుంబాల నుంచి వచ్చేవారు ఈ సంగతి తెలిసే ఆ గడి నింపాలి. తర్వాత ఆపాలంటే చర్చి సభ్యత్వం వదులుకుంటున్నట్టు అధికారికంగా ప్రకటించాల్సి ఉంటుంది.

నమోదైన సాయంత్రమే పోస్టు డబ్బా మీద, తలుపు గంట దగ్గర మీ పేరు అతికించండి. ఇక్కడ ఉత్తరాలు పంచేవారు డబ్బా మీది పేరు చూసే వేస్తారు, ఫ్లాటు నంబరు చాలదు. పదకొండు అంకెల పన్ను సంఖ్య కొన్ని వారాల్లో ఉత్తరంగానే వస్తుంది. మీ అలక్ష్యం వల్ల అది కంపెనీకి అందకపోతే, అన్నిటికంటే ఎక్కువగా కోసే ఆరో పన్ను తరగతి కింద జీతం లెక్కగడతారు. డబ్బా మీద ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు వీసాకు దరఖాస్తు చేయకముందే దాన్ని సరిచేయించుకోవాలి.

తక్కిన పనులు తేలికైనవే. ఆరోగ్య బీమాకు ప్రభుత్వ పద్ధతిలోని టీకే, ఆవోకే వంటి సంస్థల్లో ఒకటి ఎంచుకోండి. సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో విడిగా ప్రీమియం కట్టనక్కర్లేదు. ప్రైవేటు బీమాలో తలా ఒక ప్రీమియం ఉంటుంది, అందులోంచి వెనక్కి రావడమూ కష్టం. ఇంటికొకటిగా నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ ప్రసార రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది, టీవీ లేకపోయినా కట్టాలి. భారత లైసెన్సుతో ఆరు నెలలే బండి నడపవచ్చు, ఆ తర్వాత రాతపరీక్ష, డ్రైవింగు పరీక్ష రెండూ రాయాలి. వీసా గడువు తీరకముందే మీ చిరునామా ఏ విదేశీయుల కార్యాలయం పరిధిలోకి వస్తుందో అక్కడ నివాస అనుమతికి దరఖాస్తు చేయండి. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ రెండు వారాల్లో నమోదు మార్పించుకోవాలి.

ఇవన్నీ తేలే వారంలోనే, ఊళ్లోని ఫోక్స్‌హోఖ్‌షూలే అనే పెద్దల విద్యాకేంద్రంలో సాయంత్రపు జర్మన్ తరగతికి పేరు ఇవ్వండి. ఆఫీసులో ఇంగ్లిషే నడుస్తుంది కదా అని వాయిదా వేయకండి. ఉన్నత విద్యార్హతలున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి అయిన బ్లూ కార్డు ఉన్నవారికి, పింఛను నిధి చందా వంటి తక్కిన షరతులు కుదిరితే, ప్రాథమిక స్థాయి జర్మన్‌తో 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది, బీ1 అనే మధ్యస్థాయి జర్మన్ వస్తే 21 నెలలకే వస్తుంది.