ఉప్పలపాడుకు మిర్రర్ లెన్సుతో వెళ్లే ముందు

గుంటూరు దగ్గర పక్షులు గూళ్లు కట్టే ఉప్పలపాడు చెరువుకు 500 ఎంఎం మిర్రర్ లెన్సు (లోపల అద్దాలుండి, దూరపువాటిని దగ్గరగా చూపే కెమెరా లెన్సు) తీసుకెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- అపెర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) మారదు. చాలావాటిలో ఎఫ్/8 ఒక్కటే. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/1000 సెకను ఉండాలి, ట్రైపాడ్ ఉన్నా సరే.
- చాలావాటిలో ఫోకస్ చేత్తోనే. రింగు అనంతం గుర్తు దాటి కూడా తిరుగుతుంది. చివరిదాకా తిప్పి వదిలేస్తే దూరపు గూడబాతు (పెలికాన్) మసకబారుతుంది. తెర మీద పెద్దది చేసి, కన్ను స్పష్టంగా ఉందో లేదో చూడండి. తొందరపడకండి.
- ఫోకస్‌లో లేని నీటి మెరుపులు ఫోటోలో నడుమ చిల్లున్న గారెల్లా పడతాయి. నాకది నచ్చదు, నేపథ్యం నీడగా ఉన్న చోటు వెతుకుతాను.
- ఏసీ కారులోంచి తీసిన లెన్సును కాసేపు నీడలో ఉంచండి.
- సూర్యుడి వైపు తిప్పకండి.
- గూళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. తల్లి బెదిరి లేచిపోతే, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి.