మెషిన్ మధ్యలో ఆగిందా? ముందు ప్లగ్ పీకండి

వాషింగ్ మెషిన్ దగ్గర షాక్ కొట్టి ప్రాణం పోయిందన్న వార్త వానాకాలంలో మళ్లీ మళ్లీ చదువుతున్నాం. చదివిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తీశారా? బట్టలు ఎన్ని వేయాలి, పౌడర్ ఎంత వేయాలి అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు.

"స్విచ్ ఆపాం కదా" అంటారు. స్విచ్ తెంపేది ఒక్క తీగనే. వైరింగ్‌లో ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) తారుమారైతే స్విచ్ ఆపాక కూడా ఫేజు మెషిన్ లోపలిదాకా వచ్చి కూర్చుంటుంది. పాత ఇళ్లలో, ఎవరెవరో చెయ్యిపెట్టిన అద్దె ఇళ్లలో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది. మెషిన్ మీది పవర్ బటన్ నొక్కితే లైట్లు ఆరతాయి తప్ప లోపలికి కరెంటు రావడం ఆగదు. సెమీ ఆటోమేటిక్‌లో టైమర్‌ను సున్నాకి తిప్పినా దాన్నే నమ్ముకోకూడదు. గోడ స్విచ్ ఆపండి, పొడి చేత్తో, కాళ్లకు చెప్పులేసుకుని ప్లగ్ పీకండి. సాకెట్ దాకా నీళ్లలో నడవాల్సి వస్తే ముందు మెయిన్ ఆపండి.

ఎందుకు ఆగింది?

ప్లగ్ తీస్తే తెర మీది కోడ్ పోతుంది, అందుకే మెషిన్‌ను ముట్టకుండా ముందే చదివి పెట్టుకోండి. ఎల్‌జీలో 'ఓఈ', శాంసంగ్‌లో '5సి' అంటే నీళ్లు బయటికి పోవడం లేదు. ఎల్‌జీలో 'ఐఈ', శాంసంగ్‌లో '4సి' అంటే నీళ్లు లోపలికి రావడం లేదు.

డ్రమ్ములో నీళ్లు నిలిచి ఆగితే మొదట అనుమానించాల్సింది డ్రెయిన్ ఫిల్టర్‌ని. ఫ్రంట్ లోడ్‌లో ఇది చాలావరకు కింద మూలన చిన్న తలుపు వెనక ఉంటుంది. ప్లగ్ తీశాక కొళాయి కట్టేయండి. వేడినీళ్ల వాష్ అయితే చల్లారేదాకా ఆగండి, 60 డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా చేతిమీద పడితే బొబ్బలెక్కుతుంది. పక్కన సన్నటి గొట్టం ఉంటే దాని బిరడా తీసి నీళ్లను పళ్లెంలోకి వదలండి. బకెట్ నిండా వచ్చినా ఆశ్చర్యపోకండి. తర్వాతే ఫిల్టర్‌ను ఎడమవైపుకి మెల్లగా తిప్పండి. పిన్నీసులు, నాణేలు, జుట్టు, పిల్లల సాక్సు ఏవైనా ఉండొచ్చు. వెనక పంపు రెక్కను పుల్లతో తిప్పి చూడండి, ఆగి ఆగి తిరిగితే బాగున్నట్టే. ఫిల్టర్ బిగించేటప్పుడు దాని రబ్బరు వాషర్ వంకరగా కూర్చుంటే నీళ్లు నేలమీదికి కారతాయి, ఆ తడిలోనే మీరు మళ్లీ నిలబడతారు.

నీళ్లు రాకపోతే ఇన్‌లెట్ పైపు విప్పి లోపలి జాలీ చూడండి. బోరునీళ్లుంటే తెల్లటి పొర కట్టి ఉంటుంది. నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే చాలు. తిప్పేటప్పుడు ఆగితే దుప్పటి ఒకపక్కకి ముద్దయిందేమో చూసి సర్దండి. వీటిలో ఏదైనా సరే, ప్లగ్ తీసే చేయాలి.

ఎర్తింగ్

ఎర్తు తీగ కలిసే మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో గుచ్చిన మెషిన్‌ను వాడకండి. లోపల ఎలుక వైరు కొరికి అది బాడీకి తగిలితే, కరెంటు పోవడానికి దారి ఎర్తే. అది లేకపోతే ఆ దారి మీరే. ఎంసీబీ (బోర్డులో తనంతట పడిపోయే స్విచ్) ఉందని ధైర్యపడకండి. అది ఓవర్‌లోడుకీ, షార్ట్ సర్క్యూట్‌కీ పడిపోతుంది తప్ప, మనిషి గుండా పోయే కొద్దిపాటి కరెంటును పట్టుకోలేదు. దాన్ని పట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా తెంపేసే స్విచ్. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

ఇక ఇవి:

హీటరున్న మెషిన్‌ను 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించొద్దు, కరిగిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్ కావాలి.

వెనక మూత విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుంది.

తలుపును స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. కరెంటు పోయాక లాక్ విడవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. లోపల నీళ్లుంటే ముందు అవి దించండి.

స్పిన్ డ్రమ్ము పూర్తిగా ఆగాకే చెయ్యి. మూత తీసినా తిరుగుతూనే ఉంటే బ్రేకు పోయింది, బాగుచేయించేదాకా వాడొద్దు.

బాడీ జుమ్మంటే అది 'కొంచెం షాకే' కాదు. ఆ క్షణం నుంచి మెషిన్ బంద్.

ఎంసీబీ పడితే మళ్లీ మళ్లీ లేపొద్దు.

వరదలో మునిగిన మెషిన్‌ను ఎండబెట్టి మీరే ఆన్ చేయొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడ ఇళ్లకైనా, రేపు మునిగే ఇంటికైనా మాట ఇదే. మెకానిక్ విప్పి చూశాకే ప్లగ్.

పిల్లల్ని "కాస్త ఆ బట్టలు తీయమ్మా" అని పంపే ముందు ప్లగ్ పీకండి.

మెకానిక్ వచ్చినా ప్లగ్ పీకించండి, మొహమాటపడకండి.

ఎవరైనా షాక్‌తో మెషిన్‌కు అతుక్కుంటే చెయ్యి పట్టి లాగొద్దు. మెయిన్ ఆపండి. ఆ తర్వాతే ముట్టుకోండి, 108కి ఫోన్ చేయండి.