కోళ్ల ఫారానికి పొల్యూషన్ పర్మిషన్: ముందు నీళ్ల లెక్క రాసుకోండి

మా తణుకు వైపు లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారాల వాళ్లకి కాగితాలు తయారుచేసి పెడుతుంటాను. వచ్చినవాళ్లు ముందు అడిగేది "ఫీజు ఎంతండీ?" అని. నేను అడిగేది "షెడ్డు కడిగిన నీళ్లు ఎటు పోతాయండీ?" అని. చాలామంది చెయ్యి పంట కాలువ వైపు వెళ్తుంది. చిక్కంతా అక్కడే.

ఒకప్పుడు లక్ష కోళ్ల లోపు ఫారాల జోలికి పెద్దగా ఎవరూ వచ్చేవారు కాదు. 2023 జనవరి 1 నుంచి 5 వేలు దాటిన ఫారాలకీ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. 1974 నీటి కాలుష్య చట్టం కింద ఇది రెండు మెట్లు: కట్టడానికి ముందు సీఎఫ్ఈ (స్థాపనకి అనుమతి), కోళ్లు వేయడానికి ముందు సీఎఫ్ఓ (నడపడానికి అనుమతి).

కొత్త ఫారమైతే ఊరి ఇళ్లకి 500 మీటర్లు, ఏరు, చెరువు, కాలువ, తాగునీటి బావులకి 100 మీటర్లు ఎడం చూసుకోండి. డెల్టాలో కాలువకి అంత దూరంగా పొలం చెక్క దొరకడం కష్టమే. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే టేపు పట్టండి.

ఇక నీళ్ల లెక్క. 20 వేల కోళ్లు అనుకోండి. కోడికి రోజుకి పావు లీటరు చొప్పున 5 వేల లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఇది తాగే నీరు, దీన్ని వ్యర్థంలో కలపకండి. బ్యాచ్ తీసేశాక షెడ్డు కడిగిన నీళ్లు, ట్యాంకులు, పైపులు కడిగినవి, కూలీల బాత్‌రూం నీళ్లు, ఇవీ వ్యర్థం. అలాగని వ్యర్థం "నిల్" అని రాసేయకండి, కడగని షెడ్డు ఉంటుందా అని అడుగుతారు. తొట్టెలో మడ్డి దించి సొంత కొబ్బరి తోటకి పెడతామని రాయండి, అలాగే పెట్టండి. భూమికి పారించే నీటిలో బీఓడీ (నీటిలో కుళ్లే మురికి ఎంతుందో చెప్పే కొలత) లీటరుకి 100 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. కాలువలోకి వదిలితే 30 దాటకూడదు. మామూలు తొట్టెతో ఆ 30 రాదు.

తనిఖీకి వచ్చినవాళ్లు ఫైలు కంటే ముందు కోళ్ల బోనుల కింద పెంట చూస్తారు. మీరూ పొద్దున్నే టార్చి వేసి వరస వరసా చూడండి. ఎండిన పెంట పొడిపొడిగా, బూడిద రంగులో ఉంటుంది. నిపుల్ (కోళ్లు నీళ్లు తాగే చిన్న కొళాయి) కారుతున్న చోట నల్లగా, జిడ్డుగా, పురుగులతో కదులుతుంటుంది. ఈగల గొడవంతా అక్కడ పుట్టిందే. వాషరు మార్చితే పోయేదానికి ఊరంతా పిటిషన్ పెట్టేదాకా ఎందుకు? పెంట దిబ్బ నేల మట్టానికి అడుగు ఎత్తులో, పైన రేకు, చూరు నీళ్లకి వేరే కాలవ ఉండాలి. చచ్చిన కోళ్ల గుంత ప్లానులో తప్పక చూపించండి. 2025 ఫిబ్రవరిలో వేల్పూరులో బర్డ్ ఫ్లూ తేలాక ఆ విషయంలో ఊళ్లో ఎవరికీ ఓపిక లేదు.

పాస్‌బుక్, సైట్ ప్లాను, పెట్టుబడికి సీఏ సర్టిఫికెట్ జత చేసి ఆన్‌లైన్‌లో పెట్టండి. ఫీజు పెట్టుబడిని బట్టే. రసీదు దాచుకోండి: నాలుగు నెలల్లో ఇచ్చిందీ లేదన్నదీ తేల్చకపోతే చట్టం ప్రకారం అనుమతి వచ్చినట్టే. అనుమతి ఇవ్వమని చెబితే మాత్రం 30 రోజుల్లో అప్పీలు వేయాలి.