అమ్మానాన్నలు విజిటర్ వీసాపై అమెరికా వచ్చాక గ్రీన్ కార్డుకు పెడదామా? ముందు చూసుకోవాల్సినవి

☐ మీరు అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండి ఉంటేనే తల్లిదండ్రులకు ఐ-130 (గ్రీన్ కార్డు కోసం బంధువు తరఫున వేసే పిటిషన్) వేయగలరు. గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే ఆ వీలు లేదు.

☐ అసలు గండం ఎయిర్‌పోర్టులో. ఉండిపోదామని ముందే అనుకుని, ఆఫీసర్ అడిగితే "మనవణ్ణి చూసుకుని మూడు నెలల్లో వెళ్లిపోతాం" అనడం అబద్ధమాడి లోపలికి రావడమే. ఫోన్ కూడా చూడొచ్చు. "ఇల్లు అమ్మేశాం, ఇక అక్కడే" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఒక్కటి దొరికినా చిక్కే. మోసమని తేలితే జీవితకాల నిషేధం. మినహాయింపు అడగాలన్నా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న భర్త, భార్య లేదా తల్లిదండ్రులు ఉండాలి. పిల్లలు లెక్కలోకి రారు! చాలామందికి తెలియంది ఇదే.

☐ "వచ్చాక 90 రోజులు ఆగి గ్రీన్ కార్డుకు వేస్తే ఏం కాదు" అనే మాట పట్టుకోకండి. అది స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) అధికారుల మార్గదర్శకమే తప్ప హామీ కాదు.

☐ ఐ-485 (అమెరికాలో ఉంటూనే వేసే గ్రీన్ కార్డు దరఖాస్తు) వేశాక అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) రాకుండా ఇండియా వెళితే దరఖాస్తు వదులుకున్నట్టే. ఊళ్లో పెళ్లిళ్లు, పొలం రిజిస్ట్రేషన్లు ఉంటే ముందే చూసుకోవాలి.

☐ ఉండిపోవాలనే ఉద్దేశం ముందే ఉంటే, వాళ్లు ఇండియాలో ఉండగానే ఇమిగ్రెంట్ వీసా (శాశ్వతంగా ఉండటానికి ఇచ్చే వీసా) దారిలో వెళ్లండి. ఆలస్యమైనా అదే మేలు.